మిరప చేలో చెప్పిన నిజం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు మిరప కోతలో నీలాగే నాకూ ఫిట్స్ వచ్చి పడిపోయాను. కళ్లు తెరిచేసరికి కూలీల ముఠా నడిపే మరియమ్మ పిన్ని నా తల పట్టుకుని కూర్చుంది.

"ఎండదెబ్బేమో" అన్నారెవరో. అమ్మ మనకు నేర్పిన అబద్ధం కూడా అదే. ఈసారి అది నా నోట రాలేదు.

"ఎండ కాదు పిన్నీ, ఫిట్స్. పదేళ్లుగా మాత్రలు మింగుతున్నా" అన్నాను.

ఒకామె తన నీళ్ల సీసా దూరంగా జరుపుకుంది. పిన్ని మాత్రం తన సీసా నా చేతికిచ్చి, "ముందే చెప్తే ఏందే? రేపట్నుంచి నా పక్క సాలులోనే కోయి" అంది. తర్వాత మెల్లగా అడిగింది. "మీ అక్క కాలవలో పడింది కాలు జారి కాదా?"

కాదు, ఫిట్స్ వచ్చే నువ్వు కాలవలో పడ్డావన్నాను. అత్తింట్లో ఎవరైనా చూస్తారని నువ్వు మాత్రలు మానేశావని చెప్పాను.

పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నిజం తెలిసి నీ కోసం ఏడ్చిన మొదటి బయటి మనిషి ఆమే, అక్కా.