బావ మంచం

తిరుత్తణి

బావకు,

అక్క పనికి పోతే పిల్లను చూసేవాళ్లు లేరు, అమ్మను మళ్లీ పట్టాభిరామ్‌లో మీ ఇంటికి పంపమని రాసినావు. పంపుతాను. ముందు నీ మంచం సంగతి తేలాలి.

మరదలు రాయవలసిన మాట కాదు, అయినా రాస్తున్నాను. మీ ఇంటినుంచి వచ్చినప్పుడల్లా అమ్మకు ఒంటికి పోతే మంట, వెనకే చలిజ్వరం. నీళ్లు బాగా తాగాలి, వస్తే ఆపుకోకూడదని ఇక్కడి డాక్టరమ్మ ప్రతిసారీ చెప్తుంది. అమ్మ తల ఊపుతుంది. ఈసారి డాక్టరమ్మ నన్ను కసిరింది. ఇంటికొచ్చి గట్టిగా అడిగితే, "అల్లుడు పెరటి దోవలో పండుకోనుంటే, ఆయన్ను దాటుకొని చెంబుతో యాడ పోయేదే? నీళ్లు తాగకుంటే ఆ బాధే లేదు" అనింది.

రాత్రి డ్యూటీ చేసి నువ్వు పగలంతా అక్కడ నిద్రపోతావు, ఆమె పగలంతా దాహం చంపుకుంటుంది. మాత్రలు ఏం చేస్తాయి? మర్యాద గురించి కాలేజీలో ఎంతో అందంగా వ్యాసం రాసినాను. అది మనిషిని జ్వరాన పడేస్తుందని అప్పుడు తెలియదు.

మంచం ముందు వసారాలో వేసుకో. అక్కడ గాలి బాగుందని చెప్పు. కారణం నీకు తెలిసిందని ఆమెకు తెలిస్తే కాఫీ కూడా మానేస్తుంది.

నీ చిన్న మరదలు