మంత్రిగారి సన్మానానికి మేము రాము

కల్వకుర్తి,
జనవరి 1948.

ఎల్లస్వామి అన్నకు చెల్లెలు రాసేది.

నిజాం సర్కారు కొత్త మంత్రివర్గంలో మన కులంవాడికీ చోటు దొరికిందని, పట్నంలో జరిగే సన్మానానికి మన వాడ మొత్తం తరలి రావాలని నువ్వు రాసింది అందరికీ చదివి వినిపించాను. అందరికన్నా ఎక్కువ సంబరపడింది మన బాపే. మరునాడు దొర గడి నుంచి వెట్టికి పిలుపు వస్తే, చెప్పులు తొడుక్కునే వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు.

"దొరా, గిప్పుడు మా మనిషి సుత మంత్రి అయిండు. ఇగ మేం వెట్టి చెయ్యం," అన్నాడట.

దొర నవ్వాడట. "మీ మంత్రి పట్నంల ఉన్నడురా. నీ వీపు నా ముంగట ఉన్నది," అని చింతబరిగెలతో కొట్టించాడు. బాపు ఇప్పుడు ఇంట్లో బోర్లా పడుకుని ఉన్నాడు.

అన్నా, మంత్రివర్గంలో ఏ కులానికి ఎన్ని కుర్చీలని మీరంతా పట్నంలో అంతగా కొట్లాడారు కదా. వెట్టి మాట ఒక్కరైనా ఎత్తారా? కుర్చీ దొరికిందని మీరు పూలదండలు కొంటుంటే, ఇక్కడ నేను బాపు వీపుకు పసుపు రాస్తున్నాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అని ఇందాక బాపు అడిగాడు.

"సన్మానానికి రామని రాస్తున్న."

"గదొక్కటే కాదు. మంత్రి ఉన్నా లేకున్నా, వెట్టికి సుత పోమని రాయి."

ఈ పొద్దున గడి నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. వాడలో ఒక్కరూ కదలలేదు. రేపు దొర మనుషులు మా మీదికి వస్తారు. ఆ సన్మాన సభ సంగతి పట్నం వాళ్లకే వదిలేసి, నువ్వు వచ్చి మా పక్కన నిలబడు.

నీ చెల్లెలు