పెద్ద బ్రేకులు, ముందు సీటు

మార్చి 3, సోమవారం

వచ్చేశాయి!!! పెద్ద బ్రేకు డిస్కులు రెండు, వాటిని పట్టి ఆపే క్యాలిపర్లు రెండు, పాత దుప్పట్లో మూట కట్టి పంపారు. మా కారుకి అక్క వరసయ్యే మోడల్‌వి. డిస్కు ఒక్కోటి అన్నం కంచమంత ఉంది. ఇప్పుడు మాకున్నవి దాని ముందు టీ సాసర్లు. హాల్లో పరుచుకుని చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య వచ్చి, ఏ నగల షాపులో కొన్నావే ఇవి, అంది.

ఇరవై మూడున హిల్ రన్. కొండ పైనుంచి కిందికి దిగి, రోడ్డు మీద తెల్ల రంగుతో గీసిన బాక్సులో కారు ఆపాలి. పోయినసారి నేను ఆపలేదు. అంటే, బ్రేక్ తొక్కాను. బ్రేక్ వేడెక్కిపోయి చేతులెత్తేసింది. బాక్సు దాటేసి, ప్లాస్టిక్ కోన్లన్నీ ఎగరగొట్టి, గడ్డిమోపుల్లో ముక్కు దూర్చి ఆగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పట్నుంచి మా కార్ల క్లబ్బులో నా పేరు ఆగనమ్మ.

పేరుదేముంది, తుడిపేసుకోవచ్చు. ఆ రోజు పక్క సీట్లో ఉన్నది మా ఆయన. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి నేను డ్రైవింగ్‌లో ఉంటే వెనక సీట్లో కూర్చుంటున్నాడు, టాక్సీ ఎక్కినట్టు. ఆరడుగులు దాటిన మనిషి, ప్రతి గతుక్కీ తల టాపుకి కొట్టుకుంటుంది. ముందు సీటు అత్తయ్యదైపోయింది. ఆవిడ పొట్టి కదా, సీటుని చివరిదాకా ముందుకి లాగి పెట్టుకుంది.

ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా. బాక్సులో ఆగాలి. పక్కన ఆయన ఉండాలి.

మార్చి 4, మంగళవారం

చక్రం పట్టలేదు!

షెడ్ మా వెనక వీధిలోనే. అక్కడి మెకానిక్ ప్రతిదానికీ నిదానమే ప్రధానం అంటారు కాబట్టి వీధంతా ఆయన్ని నిదానం గారనే పిలుస్తుంది. సాయంత్రానికి కొత్త బ్రేకులు బిగించారు. చక్రం ఎక్కించబోతే స్పోకులు వెళ్లి క్యాలిపర్‌కి కొట్టుకున్నాయి. ఇల్లంతా కట్టాక మంచం గుమ్మంలో పట్టనట్టు.

నేను ఏడుపు మొహం పెడితే నిదానం గారు కంగారేం లేదన్నారు. చక్రాన్ని బిగించే హబ్‌కీ చక్రానికీ మధ్య స్పేసర్ వేస్తే చక్రం బయటికి జరుగుతుందట. గుండ్రటి అల్యూమినియం బిళ్ల, అంతే. ఆయన దగ్గర పాతవి ఐదు మిల్లీమీటర్లవి ఉన్నాయి. వేస్తే చక్రం పట్టింది! కానీ స్పోకుకీ క్యాలిపర్‌కీ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్ల గ్యాప్ ఉండాలి. మెత్తటిదేదైనా క్యాలిపర్ మీద అంటించి, చక్రం బిగించి ఒక చుట్టు తిప్పి, విప్పి, నలిగి మిగిలిన మందం కొలవాలి. రేపు మైనం తెస్తానన్నారు.

రేపటిదాకా ఎవరాగుతారు? ఇంటికి పరుగెత్తి, రాత్రి రొట్టెలకి అత్తయ్య కలిపి పెట్టిన గోధుమ పిండిలోంచి ఒక ముద్ద గిల్లుకొచ్చాను. అంటించాం, తిప్పాం, విప్పాం. ఇంతలో టీ వచ్చింది. తాగి, నిదానం గారు ఇంకో బండి దగ్గరికెళ్లాక, నేనే కొలిచాను. మూడున్నర! కళ్లజోళ్ల షాపులో రోజంతా మిల్లీమీటర్లతో కాపురం చేసేదాన్ని, నాకొకరు చెప్పాలా.

మార్చి 5, బుధవారం

వీధి చివరిదాకా వెళ్లి బ్రేక్ కొట్టి ఆపాను, అత్తయ్య కళ్లజోడు ఎగిరి డ్యాష్‌బోర్డ్ మీద పడింది, అబ్బ, ఏం బ్రేకులు!

మార్చి 9, ఆదివారం

చక్రాలు బయటికి జరిగాయి కదా, బరువు పడితే టైరు పైనున్న ఫెండర్‌కి రాసుకుంటుందేమో చూడాలన్నారు నిదానం గారు. బరువంటే మా ఇంట్లో కొదవా? అత్తయ్యని ముందు, మా ఆయన్ని వెనక, పక్కింటి దంపతుల్ని ఆయనకి చెరో వైపు కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద తిప్పాను. అత్తయ్య ఊరికే కూర్చోకుండా సీట్లో ఎగిరెగిరి కూర్చుంది. ఈ కారులో తను పనికొచ్చేది బరువుకొక్కదానికే అయినా, ఆ పనైనా సరిగ్గా చెయ్యాలి కదా అంది. ఎక్కడా రాసుకోలేదు.

దిగేటప్పుడు ఆయన వంగి చక్రంలోంచి డిస్కు వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మార్చి 15, శనివారం

పొద్దున్నే కొండ రోడ్డు మీద ప్రాక్టీస్. ఆయన వస్తానన్నాడు. వచ్చి, ముందు తలుపు తీశాడు! సీటుని టక్కున చివరిదాకా వెనక్కి జరిపి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆనలేదంటే, పెడల్స్ మీదే ఉన్నాయనుకోండి.

మొదటి మలుపు, రెండో మలుపు, వెన్నలా. మూడోది గట్టి మలుపు. ఎడమ చక్రంలోంచి కర్ర్‌ర్ మని చప్పుడు. పక్కకి ఆపి, చక్రం విప్పి చూస్తే క్యాలిపర్ మీద వెండి గీత. స్పోకు రాసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన వెనక కూర్చున్నాడు.

నిమ్మళంగా తీసుకొచ్చాను. సగం దారిలో ఆయనే నోరు విప్పాడు. స్పీడంటే తనకెప్పుడూ భయం లేదట. ఆ రోజు బ్రేక్ పడనప్పుడు నేను ఆయన వైపు తిరిగి చూశానట. ఆ మొహం మర్చిపోలేకపోతున్నానన్నాడు. నేను చూసిన సంగతి నాకు గుర్తే లేదు.

మార్చి 16, ఆదివారం

మలుపులో చక్రం, హబ్ కాస్త వంగుతాయట, అందుకే అంత గ్యాప్ కావాలట. కానీ మూడున్నర ఉందన్నారు కదమ్మా, మరెలా తగిలింది, అని నిదానం గారు తల గోక్కున్నారు. నేను కొలిచింది తప్పెలా అవుతుంది?

అత్తయ్య సీటుని మళ్లీ ముందుకి లాగింది. హిల్ రన్ నుంచి పేరు వెనక్కి తీసుకోవాలా?

మార్చి 17, సోమవారం, సాయంత్రం ఏడు

దొరికింది! దొరికింది! దొరికింది!

రొట్టెలు ఒత్తుతున్నాను. పల్చగా ఒత్తి, పెనం పెట్టి ఇటు తిరిగేసరికి రొట్టె చిన్నదైపోయి ఉంది. మళ్లీ ఒత్తాను. చూస్తూ ఉండగానే మళ్లీ వెనక్కి ముడుచుకుంది, మందంగా. ఒక్క కేక పెట్టాను. చెయ్యి కాలిందేమోనని అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. చెప్తే, తల పట్టుకుంది. గోధుమ పిండి సాగుతుంది, వదిలేస్తే వెనక్కొస్తుంది, ఇన్నేళ్లుగా ఒత్తుతూ ఆ మాత్రం తెలీదా, కొలతకే కావాలంటే బియ్యప్పిండి వేడినీళ్లతో కలిపివ్వనా, అది నొక్కితే నొక్కినట్టే పడి ఉంటుంది, అంది.

నేను టీ తాగుతుంటే నా ముద్ద తీరిగ్గా ఉబ్బిందన్నమాట! ఆత్రగాడికి బుద్ధి మట్టం అని ఊరికే అన్నారా.

బియ్యప్పిండి ముద్ద పట్టుకుని షెడ్‌కి పరుగెత్తాను. రెండో చేతిలో అప్పడాల కర్ర అలాగే ఉందని అక్కడికెళ్లాక తెలిసింది. కొలిస్తే ఒక్క మిల్లీమీటర్ కూడా లేదు. నిదానం గారు నవ్వడం ఇవాళే చూశాను.

ఎనిమిది మిల్లీమీటర్ల స్పేసర్లు కావాలి. అంత మందం వేస్తే, నట్లు బిగించడానికి ఇప్పుడున్న స్టడ్‌లు పొట్టివైపోతాయి, నట్ పట్టు చాలదు. అందుకని పొడుగు స్టడ్‌లు కూడా వెయ్యాలి. స్పేసర్లు హబ్ మీద బిర్రుగా కూర్చునేలా లేత్ మెషీన్ మీద చేయిస్తానన్నారు. ఆదివారం లోపల అవుతుందా అంటే, నిదానం అమ్మా, అన్నారు. ఆ మాట మీద ఇంత ప్రేమ నాకెన్నడూ పుట్టలేదు.

మార్చి 20, గురువారం

అయింది. పాత స్టడ్‌లు కొట్టి తీసి కొత్తవి ఎక్కించారు. స్పేసర్లు అద్దంలా ఉన్నాయి. ఒక్కో నట్ ఎన్ని చుట్లు పడుతోందో నిదానం గారు పైకే లెక్కపెడుతూ బిగించారు.

ఆఫీసు నుంచి ఆయన నేరుగా షెడ్‌కొచ్చాడు. పిండి ముద్ద తనే అంటించాడు. చక్రం తనే తిప్పాడు. విప్పాక ఈసారి టీ తాగకుండా కొలుద్దామా అన్నాడు. నేను స్కేలు తియ్యబోతే వద్దని తనే కొలిచాడు. నాలుగుకి వెంట్రుకవాసి తక్కువ. ఆ పిండి బిళ్లని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మార్చి 21, శుక్రవారం

ఆయన చొక్కా జేబుకి చీమలు పట్టాయి, అత్తయ్య ఇల్లు పీకి పందిరేస్తోంది.

మార్చి 23, ఆదివారం

సంతోషం పట్టలేక వరసగా రాయలేను.

స్టార్ట్ దగ్గర, నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే పక్క తలుపు తెరుచుకుంది. టక్. సీటు వెనక్కి పోయింది. ఆయన బెల్టు పెట్టుకున్నాడు.

కిందికి వదిలాను. మొదటి మలుపు. రెండోది. మూడోది! చెవులన్నీ ఎడమ చక్రంలోనే పెట్టాను, చప్పుడు లేదు. ఆరో మలుపుకి బ్రేకుల వేడి వాసన వచ్చింది, పెడల్ మాత్రం రాయిలా గట్టిగా ఉంది. చివరి దిగుడు. ఎదురుగా బాక్సు, దాని వెనక కోన్లు, వాటి వెనక గడ్డిమోపులు. మైకులో ఎవడో, ఆగనమ్మ వచ్చేస్తోంది, జాగ్రత్త, అంటున్నాడు. జనం నవ్వుతున్నారు. తొక్కాను.

ఆగాను.

కోన్లకి జానెడు ఇవతల, నాలుగు చక్రాలూ గీతల లోపల. అప్పుడు ఆయన వైపు తిరిగాను, కావాలనే. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నానట. హమ్మయ్య, ఈ మొహం గుర్తుపెట్టుకుంటా, అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నావీ.

టైములో ఏడో స్థానం. ఎవడిక్కావాలి! కోన్లన్నీ నిలబడే ఉన్నాయి. అత్తయ్య జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటొచ్చి వాటిని ఒక్కొక్కటే తట్టి చూసింది.

మార్చి 24, సోమవారం

కూరగాయలకి వెళ్దామంటే అత్తయ్య బయల్దేరింది. ముందు తలుపు తీసింది. సీటు చివరిదాకా వెనక్కే ఉంది. దాన్ని ముట్టుకోకుండా తలుపు మెల్లగా వేసి, వెళ్లి వెనక కూర్చుంది.