మా హాల్లో వేసిన సినిమా

7 మార్చి 1976, ఆదివారం

ఏసుపాదం వచ్చి వెళ్ళాడు. మా పెద్దనాన్న కొడుకు, పామర్రు మీదుగా వెళ్ళే బస్సులో కండక్టరు. ఊరి కబుర్లన్నీ నాకు వాడి సంచిలోనే వస్తాయి. ఇవాళ మంచినీళ్ళు కూడా తాగకుండా నిలబడే చెప్పాడు.

మా ఊళ్ళో మఠం సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో ముగ్గురు పిల్లలు పడిపోతున్నారట. పళ్ళు గిట్టకరుచుకుని, కళ్ళు తేలేసి, మగగొంతుతో ఏదో అంటున్నారట. మొదట పడింది గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి శౌరయ్య గారమ్మాయి ఎలిజబెత్. పదో తరగతి పిల్ల. స్పృహ లేకుండా మార్త, మార్త అని పలవరించిందట.

మార్త మా పిన్ని. ఆ హాస్టల్లో వంటమనిషి. అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది ఆవిడే. ఆవిడ చేతబడి చేసిందని ఊళ్ళో అంటున్నారట. ఆవిడకి కోపమొస్తే పప్పులో ఉప్పు ఎక్కువ పడుతుంది. అంతకు మించిన విద్యలేవీ నాకు తెలిసి ఆవిడకి రావు.

మా ఆయన నవ్వేసి, పరీక్షలు కదా, అన్నీ సర్దుకుంటాయిలే అన్నారు. బుధవారం ఊరు వెళ్ళొస్తానన్నాను నేను.

10 మార్చి

పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి ఊరు వెళ్ళొచ్చాను.

పిల్లల్ని చూశాను. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్కాలం అని ఉపవాసాలు, మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. పైగా పరీక్షలు, ఈ ఎండలు. పామర్రు డాక్టరు నీరసమని చెప్పి టానిక్కు రాసిచ్చాడు. సైతానుకి టానిక్కులేం చేస్తాయి డాక్టరు గారూ అన్నారట శౌరయ్య గారు.

పిన్ని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. నాకొక్కదానికే చెబుతున్నానంటూ ఒక సంగతి చెప్పింది.

ఈస్టరుకి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు దీవించిన ఆకుల్ని మా వాళ్ళు ఏడాదంతా ఇంట్లో సిలువ వెనక దోపి ఉంచుకుంటారు. మరుసటి ఏడు తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారానికి ముందు గుడికి తిరిగి ఇచ్చేస్తారు. వాటిని కాల్చిన బూడిదే ఆ బుధవారం అందరి నుదుటి మీద పెడతారు. ఈసారి కాల్చే పని సిస్టర్ గారు పిన్నికి అప్పజెప్పారు. ఆకులు తక్కువ వచ్చాయి. బూడిద చాల్లేదు. పిన్ని ఊకపొయ్యిలోంచి రెండు గుప్పెళ్ళు తీసి కలిపేసింది.

పసిపిల్లలు నుదురు చాపి నిలబడితే అయిపోయింది పొమ్మంటామా అమ్మాయ్, దేవుడు చూసుకుంటాడులే అనుకున్నాను అంది. చాలా మామూలుగా అంది.

ఈ మాట ఎవరితోనూ అనకు, సిస్టర్ గారితో కూడా అనకు అని చెప్పాను. బస్సెక్కేముందు ఇంకోసారి చెప్పాను. పొయ్యి బూడిద వీళ్ళ నోళ్ళలో పడితే సాయంత్రానికి శ్మశానం బూడిద అయి కూర్చుంటుంది.

14 మార్చి, ఆదివారం

ఈ ఇంట్లో ఇంకో గొడవ. ఆయన గాంధీనగర్‌లో ఫిల్మ్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో పనిచేస్తారు. అది చాలనట్టు స్నేహితుడు బసవపున్నయ్య గారితో కలిసి ఫిల్మ్ సొసైటీ ఒకటి. బసవపున్నయ్య గారు హిస్టరీ లెక్చరరు, దేవుడితో ఆయనకి చిన్నప్పటినుంచీ పడదు.

వీళ్ళిద్దరూ కలిసి మద్రాసు నుంచి ఒక ఇంగ్లీషు సినిమా తెప్పించారు. పదహారు ఎంఎం ప్రింటు. మూడొందల ఏళ్ళ కిందట ఐరోపాలో ఏదో ఊరు. మఠంలో సిస్టర్లకి పూనకాలు పట్టుకుంటాయి. మందులిచ్చే డాక్టరే మంత్రం వేశాడని ఊరంతా వెర్రెత్తిపోయి అతన్ని తగలబెడుతుంది. చివర్లో మఠానికి పెద్దయిన మదర్ ఒక్కతే కూర్చుని, ఏ సైతానూ లేదు, భయంతో మొదలుపెట్టి ఆపుకోలేకపోయాం అని ఏడుస్తుంది. పత్రికలో చదివాను. ఈ సినిమా మీద దేశదేశాల్లో గొడవలైనాయట.

ఇక్కడా అయింది. క్రైస్తవుల్ని అవమానించే సినిమా అని ఎవరో అర్జీ పెట్టారు. సినిమా హాలు వాళ్ళు హాలు ఇచ్చేది లేదన్నారు. ఈ ఎమర్జెన్సీలో పదిమంది ఒకచోట చేరాలంటేనే భయం. అయినా ప్రింటు వెనక్కి పంపే లోపు మన హాల్లో వేసుకుందామని ఆయన అంటున్నారు. భవానీపురంలో మా హాలు ఎంతుందో ఆయనకి తెలియనట్టు.

నేను వద్దనబోయాను. నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది.

శౌరయ్య గారికి చూపిస్తే?

15 మార్చి

నీకు పిచ్చా అన్నారు ఆయన.

17 మార్చి

ఇప్పుడు ఏడుగురట.

18 మార్చి

గుడి పెద్దలు కూర్చుని తీర్మానించారు. మ్రానికొమ్మల ఆదివారం పూజలో పిన్ని అందరి ముందూ నిలబడి చేసింది ఒప్పుకోవాలి. లేకపోతే వెలి. గుడి లేదు, పని లేదు, హాస్టల్ వెనక ఆ గది లేదు. ఫాదర్ గారు పెద్దాయన, జబ్బు మనిషి. ప్రార్థన చేద్దామమ్మా అన్నారట. ఆయన ఏ సంగతికైనా అదే అంటారు.

ఇక ఆలోచించేదేముంది. సైతాను సినిమా ఉంది, ఆదివారం రమ్మంటున్నారు అని ఏసుపాదం చేత కబురు పెట్టాను. శౌరయ్య గారూ ఇంకో నలుగురూ వస్తామన్నారు. ధర్మోపదేశం అంటే ఒక్కరూ వచ్చేవారు కాదు.

21 మార్చి, ఆదివారం, మధ్యాహ్నం 2

కిటికీలకి దుప్పట్లు కట్టాం. హాలు ఆవిరిగదిలా ఉంది. బసవపున్నయ్య గారు ప్రొజెక్టరు బిగిస్తూ, ఈసారి సైతానుకి వంట మీదేనా అని నన్ను ఆటపట్టిస్తున్నారు. నవ్వు రావడం లేదు. ముందోసారి వేసి చూసుకుందామండీ అంటే బల్బు కాలిపోతుందని భయపడ్డారు.

పిన్ని కూడా వచ్చింది. పిలవలేదు. పెద్దలొచ్చిన బస్సులోనే, వెనక సీట్లో కూర్చుని వచ్చిందట. ఒళ్ళో చింతకాయ పచ్చడి జాడీ. కంకిపాడు దాటాక శౌరయ్య గారు కిటికీ పక్క సీటు ఇప్పించారని మెచ్చుకుంటూ చెప్పింది.

అదే రోజు, సాయంత్రం 7

వెళ్ళిపోయారు. రాయకపోతే పడుకోలేను.

మాటలు ఇంగ్లీషువి కాబట్టి నేను తెర పక్కన నిలబడి తెలుగులో చెబుతూ వచ్చాను. మొదట బాగానే నడిచింది. సిస్టర్లు ఒక్కొక్కరే కింద పడి పొర్లడం మొదలుపెట్టగానే హాల్లో ఎవరూ కదల్లేదు. అవే నల్ల అంగీలు, అవే తలగుడ్డలు, అచ్చం మా హాస్టల్ సిస్టర్లే. దొరసానుల్నీ సైతాను పడుతుందన్నమాట అన్నారు ఎవరో. శౌరయ్య గారు జపమాల బయటికి తీశారు.

డాక్టర్ని పట్టుకున్నారు. జడ్జీ అతనితో, ఒప్పుకో, ప్రాణంతో ఊరు దాటిపో అన్నాడు. అతను తలెత్తి, చెయ్యని పనిని ఒప్పుకోను అన్నాడు. ఆ మాట నేను శౌరయ్య గారి వైపు తిరిగి, క్లాసులో చెప్పినట్టు గొంతు పెంచి, రెండుసార్లు చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇక మదర్ ఒప్పుకునే సీను రావాలి. దాని కోసమే కదా ఇంత పని పెట్టుకున్నది. తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది. చూస్తే డాక్టరు కట్టెల మీద ఉన్నాడు. మంట. మంట ఆరగానే సిస్టర్లందరూ నిద్రలోంచి లేచినట్టు లేచారు. బట్టలు దులుపుకుని, వరసగా గుడిలోకి నడిచి, చక్కగా పాట పాడారు. అయిపోయింది.

ఆ సీను లేదు.

లైటు వేశాక నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక సీను పోయిందండీ, అందులో ఆవిడ అంతా అబద్ధమని చెబుతుంది, అసలు కథ అదేనండీ అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది. శౌరయ్య గారు చాలా మర్యాదగా విన్నారు. మీరు చదువుకున్నారు, పిన్ని గారి మీద మీకున్న ప్రేమ మేం కాదనం, కానీ తెర మీద లేనిదాన్ని ఉందంటే ఎట్టాగమ్మా, కళ్ళారా చూశాం గదా అన్నారు. ఆ మనిషి పోగానే అందరికీ తగ్గింది గదా అన్నారు. మంచి సినిమా చూపించారని మా ఆయనకి చెయ్యి కలిపి మరీ వెళ్ళారు. నేనిచ్చిన కాఫీ తాగి, నా ఇంట్లోనే వాళ్ళకి కావలసిన సాక్ష్యం సంపాదించుకుని వెళ్ళారు.

పిన్ని పచ్చడికి కాస్త ఎండ చూపించమంది.

22 మార్చి

బసవపున్నయ్య గారు ప్రింటు తిప్పి చూశారు. ఆ చోట అతుకుంది. మదర్ రాత్రి బట్టల్లో ఉంటుందట ఆ సీనులో. అసభ్యమని ఎవరో, ఎక్కడో, మా కంటే ముందు తెప్పించుకున్నవాళ్ళు కత్తిరించి పారేసి ఉంటారన్నారు. పూనకాలు ఉంచారు. మనిషిని కాల్చింది ఉంచారు. ఆడమనిషి భుజం కనబడిందని నిజం తీసేశారు.

మా ఆయన తప్పంతా తనదే అన్నట్టు మొహం పెట్టుకుని తిరుగుతున్నారు. తప్పు నాది. చూడకుండా చూపించాను.

28 మార్చి

పదకొండు మంది. పిల్లలు ఇప్పుడు సినిమాలో లాగా నడుం వెనక్కి విరిచి పడుతున్నారట. వాళ్ళెవరూ సినిమా చూడలేదు. చూసినవాళ్ళు వచ్చి చెప్పారు, అంతే.

4 ఏప్రిల్

ఊరు వెళ్ళాను. పిన్నిని నాతో వచ్చెయ్యమని బతిమాలాను. భవానీపురంలో కృష్ణ ఒడ్డున హాయిగా ఉండు, ఈ గుడి కాకపోతే ఇంకో గుడి అన్నాను. నీ కాపురంలో నేనెందుకే అంది. ఈ పిల్లలకి ఎవరు వండుతారు అంది. పడిపోయిన పిల్లలకే ఈవిడ గంజి కాచి పంపుతోంది. వాళ్ళు తాగడం లేదు. అయినా కాస్తోంది.

అయితే ఒప్పుకోకు పిన్నీ, ఏం చేస్తారో చెయ్యనీ, నేను పక్కన నిలబడతాను అన్నాను.

అప్పుడు అడిగింది. ఆ సినిమాలో డాక్టరు ఒప్పుకుని ఉంటే బతికేవాడు కదమ్మాయ్, మొండికేసి ఏం బావుకున్నాడు అని. నిజం కోసం పిన్నీ అన్నాను. అతను పోయినాక గానీ వాళ్ళకి తగ్గలేదుగా, ముందే ఒక్క మాట అనేస్తే పాపం ఆ ఆడపిల్లలకి అన్ని రోజుల బాధ తప్పేది కదా అంది.

ఆవిడ చూసింది కూడా కత్తిరించిన సినిమానే. నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

ఎంత చెప్పినా బియ్యం ఏరుతూ కూర్చుంది.

11 ఏప్రిల్, మ్రానికొమ్మల ఆదివారం

ఒప్పుకుంది.

అందరి చేతుల్లోనూ పచ్చి ఆకులు. పిన్ని తెల్లచీర కట్టుకుని ముందుకి నడిచింది. నేను లేవబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పవిత్రమైన విభూతిలో పొయ్యి బూడిద కలిపానని చెప్పింది. అంతవరకూ నిజమే. అక్కడ ఆగుతుందనుకున్నాను. సైతాను పేరు తలుచుకుని కలిపానని కూడా చెప్పింది. బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, తడబడకుండా చెప్పింది.

శౌరయ్య గారు ఏడ్చేశారు. నిజంగా ఏడ్చారు. వచ్చి పిన్ని చేతులు పట్టుకుని, మా పిల్లని కాపాడావు మార్తమ్మా అన్నారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి కౌగిలించుకున్నారు. అంత ప్రేమ ఆవిడ మీద ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. నాకు వాళ్ళందరినీ కొట్టాలనిపించింది.

15 ఏప్రిల్

ఒక్కరూ పడటం లేదు. ఎలిజబెత్ గంజి అడిగి తాగిందట.

18 ఏప్రిల్, ఈస్టరు, పాస్కా పండుగ

శౌరయ్య గారింటి నుంచి పిన్నికి చీర వచ్చింది. మా ఆయన నాకు ధైర్యం చెబుతున్నారు. పని ఉంది, గది ఉంది, మనిషి క్షేమంగా ఉంది, ఇంకేం కావాలి అంటున్నారు. నిజమే, ఇంకేం కావాలి. మరి నాకెందుకు నిద్ర పట్టడం లేదు?

26 ఏప్రిల్

ఏసుపాదం చెప్పాడు. మా ఊరామె ఒకతి జ్వరంతో ఉన్న చంటిబిడ్డని తీసుకొచ్చి పిన్ని కాళ్ళ దగ్గర పడుకోబెట్టిందట. నువ్వు పెట్టిందేమైనా ఉంటే తీసెయ్యి తల్లీ అని దండం పెట్టిందట. పిన్ని ఏం చేసిందిరా అని అడిగాను. చాలాసేపు అలా నిలబడి, చివరికి బిడ్డ తల మీద చెయ్యి పెట్టిందట. జ్వరం దిగిందో లేదో వాడికి తెలియదు. నేను అడగలేదు.

2 మే

పిన్ని వచ్చింది. తన చేత్తో ఇక పిల్లలకి వండనని పని మానేసిందట. సాయంత్రం అడిగింది, నేనేమీ చెయ్యకపోతే, చేశానని అనగానే వాళ్ళకెలా తగ్గిందే అమలా అని.

ఉపవాసం, ఎండలు, పరీక్షలు అని ఏదో చెప్పాను. వినలేదు.

అన్నం పెట్టమని నా కంచం ఆవిడ ముందుకి జరిపాను. రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని కూర్చుంది.