అక్కను చూడడానికి తైనాన్ వెళ్ళిన సంగతి

చీగూ ఉప్పుమళ్ళు,
1977 ఆగస్టు 14.

చిరంజీవి అకెంగ్‌ను అమ్మ దీవించి రాయడం ఏమంటే, ఇక్కడ నేనూ, మీ పెదనాన్న వాళ్ళూ క్షేమం. నువ్వూ ఆ దీవిలో, పట్టాళంలో వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని తలుస్తాను. అందరం క్షేమం అని ఎందుకు రాయలేదా అని చూస్తున్నావేమో, ఆ సంగతికి వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాయనీ.

ఇది నా చేతిరాతే. ఎప్పుడూ బడిపంతులుగారు రాసిపెట్టేవారు కదా, ఈసారి ఆయన్ను అడగలేదు. ఇందులో సంగతులు ఆయన చెవిన పడితే పొద్దుగూకేలోగా ఊరంతా తెలిసిపోతాయి. జపాను వాళ్ళ కాలంలో నాలుగేళ్ళు బడికి వెళ్ళిన చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో. మీ ఆఫీసర్లు ఉత్తరాలు విప్పి చూస్తారట. చూడనీ, వాళ్ళనూ అమ్మలే కన్నారు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. ఉప్పు మోసేవాళ్ళ మోకాలు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నువ్వు పంపిన జొన్నసారా సీసా మీ పెదనాన్నకు ఇచ్చాను. రెండు రోజుల్లో ఖాళీ చేసి, పోయినేటి సారాకూ దీనికీ పోలికే లేదని పెదవి విరిచాడు. ఇంకో సీసా పంపితే కాని తేల్చి చెప్పలేడట. పంపకు. పంది ఈనింది, తొమ్మిది పిల్లలు. ఒకదాన్ని తల్లే మీద పడి నలిపేసింది.

ఇక అక్క సంగతి. మూడు ఉత్తరాలు రాసినా జవాబు లేదు, తైనాన్ వెళ్ళి చూసి రమ్మని పోరుపెట్టావు. నువ్వు అడగకముందే వెళ్ళాను, జూన్ నెలలో.

అక్కకు జబ్బని నీకు తెలుసు, ఎంత జబ్బో నీకు ఎవరినీ రాయనివ్వలేదు. కడుపులో గడ్డ. కోసినా లాభం లేదని పెద్దాసుపత్రిలో చెప్పేశారు. అది తెలిసిన నెలకల్లా నీ బావ బున్‌తెక్ ఇంకొకతెను చూసుకున్నాడు, ఆమెకు నెల తప్పింది. పిల్ల పుట్టేలోగా పెళ్ళి అయిపోవాలి, అంటే అక్క విడాకుల కాగితం మీద సంతకం కింద తన పేరు చెక్కిన ముద్ర వేయాలి. ఆ ముద్ర వేయకుండా ఆపడానికే నేను వెళ్ళాను. ఎందుకో నీకు వేరే చెప్పాలా? ఆడపిల్లకు పుట్టింటి పూజబల్ల మీద చోటు లేదు. మొగుడింటి ఇల్లాలిగా పోతే ఆ ఇంటి పెద్దల పక్కన దాని పేరుపలక పెడతారు, పండగలకు ఒక గిన్నె అన్నం పెడతారు. విడాకులైనదానికి అదీ లేదు, ఇదీ లేదు. చచ్చాక కూడా వీధుల వెంట అడుక్కుతినాలి. నా కూతురికి ఆ గతి పట్టకూడదనుకున్నాను.

బస్సు దిగేసరికి ఊరు ఊరంతా తురాయి పూలు. ఆ ఊరివాళ్ళ సంగతి తెలుసుగా, రాజధాని వాళ్ళ చెయ్యి జారి తైపేకి పోయి మన ముత్తాతల కాలమైనా, ఇప్పటికీ బయటి ఊళ్ళవాళ్ళను కప్పం కట్టడానికి వచ్చినట్టు చూస్తారు. రిక్షా అతను కూడా నా చెప్పులకు ఉన్న ఉప్పు చూసి దులుపుకుని ఎక్కమన్నాడు.

సియావ్ వారి జరీకుట్టు దుకాణంలో అక్క అత్తగారు, అదే నా వియ్యపురాలు, గుడికి ఇవ్వవలసిన ఎర్ర తెర పరిచి కూర్చుంది. పదకొండేళ్ళుగా ఆ దుకాణంలో మంచి జరీ పని ఏదైనా ఉందంటే అది అక్క చేతిదే. నేను ఎండుచేపల మూట కింద పెట్టానో లేదో, ఆవిడ నవ్వు మొహంతో, "కాస్త అవతలగా కూర్చోండి వదినగారూ, ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది" అంది. మీ కోడలు ఉప్పుమళ్ళలో పుట్టిందే, పదకొండేళ్ళు ముట్టుకుంటే నల్లబడని జరీ నేను కూర్చుంటే నల్లబడుతుందా అని అడిగాను. అందుకే ఇప్పుడు దాన్ని ముట్టుకోనివ్వడం లేదు అంది. ఒళ్ళు మండిపోయింది. చేపల మూట మాత్రం లోపలికి పంపించింది, దానికి వాసన లేదు కాబోలు.

ఆ ఇల్లు నీకు తెలిసిందే, వీధి నుంచి వెనక సందు దాకా ఒకటే బారు, గదిలోంచి గదిలోకి నడుస్తూనే ఉండాలి. చిట్టచివర, దూలాలూ దారం పెట్టెలూ పడేసే గదిలో అక్కను వేశారు. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. చేతులు చూశాను, గాజు మోచేయి దాటి పైకి పోతోంది. అన్నం ఎవరు పెడుతున్నారని అడిగితే, పనిపిల్లలు తిన్నాక మిగిలితే పెడతారు, మిగలకపోతే ఆకలీ లేదులే అంది. నొప్పికి వేసే సూది మందు వారం నుంచీ ఆపేశారట. ముద్ర వేస్తే మళ్ళీ వేయిస్తామన్నారట.

నేను కాగితం ఊసెత్తకముందే తనే ఎత్తింది.

"అమ్మా, ముద్ర వేసి పారేస్తాను. నన్ను ఇంటికి తీసుకుపో. ఎక్కువ రోజులు పట్టదులే."

తిట్టాను. పదకొండేళ్ళు పడ్డదానివి ఇంకో నెల పడలేవా, ఇంత పడీ చివరికి ఏ దిక్కూ లేకుండా పోతావా, పేరుపలక ఎక్కడ పెట్టను అని నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని, "చచ్చాక ఎక్కడ పెడతావో నాకెందుకమ్మా, చచ్చేదాకా ఎక్కడ ఉండనిస్తావో చెప్పు" అంది.

అప్పుడు తనే నన్ను ఎదురుగుడికి వెళ్ళి దేవుణ్ణి అడిగి రమ్మంది. ఆ దేవుడి ముందున్న తెర తను కుట్టిందేనట, కళ్ళు పోగొట్టుకుని చేసిన ఆ పని చూసైనా సరిగ్గా చెప్తాడంది. వెళ్ళాను. అగరొత్తులు వెలిగించి, మొక్కి, దేవుడి జవాబు కోసం నెలవంక చెక్కలు వేశాను. దేవుడు వద్దన్నాడు. వచ్చి అదే చెప్పాను.

వచ్చేటప్పుడు అక్క పెట్టె అడుగున వెతికి దాని పేరు ముద్ర తీసి నడుముకు కట్టుకున్నాను. ముద్ర లేకపోతే కాగితం లేదు, కాగితం లేకపోతే అది సియావ్ వారి కోడలే. ఇంత తెలివి నాకున్నందుకు బస్సులో దారి పొడుగునా మురిసిపోయాను.

అకెంగ్, ఇక్కడ ఉత్తరం కింద పెట్టి ఎక్కడైనా కూర్చో నాన్నా. అక్క జూలై రెండో తారీఖున పోయింది. ఇన్నాళ్ళు నీకు రాయలేదు. రాస్తే నువ్వు తుపాకీ పట్టుకుని పరధ్యానంగా నిలబడతావని రాయలేదు.

కబురందుకుని నేనూ మీ పెదనాన్నా వెళ్ళాం. ఒళ్ళు కడగడానికి నన్ను రానిచ్చారు. కడుగుతుంటే కుడిచేతి బొటనవేలు ఎర్రగా కనబడింది. కుంకుమో, జరీ రంగో అనుకుని రుద్దాను, పోలేదు. ముద్రలకు వాడే ఎర్ర సిరా, నూనె కలిసినది, సబ్బుకు కూడా పోదు. అప్పుడు అర్థమైంది. వియ్యపురాలు గుమ్మం దగ్గర నిలబడే చూస్తోంది.

"ముద్ర మీరు పట్టుకుపోయారు కదా వదినగారూ, వేలు మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు" అంది.

ఇద్దరు సాక్షులు ఉంటే వేలిముద్రా చెల్లుతుందట. దుకాణంలో కుట్టుపనివాళ్ళే సాక్షులు, అక్క చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే. ప్రాణం ఉండగా వేయించారో పోయాక వేయించారో అడిగాను. కాగితం మీద తారీఖు చూసుకోండి అంది. చూశాను, ముందు రోజు తారీఖే ఉంది. తారీఖు రాసేది చెయ్యేగా.

కాగితం ఉంది కాబట్టి అది వాళ్ళ కోడలు కాదు, శవాన్ని తీసుకెళ్ళమన్నారు. బయట పోయిన శవాన్ని ఊళ్ళోకి రానిచ్చేది లేదని మీ పెదనాన్న అక్కడే, ఆ వీధిలోనే తేల్చేశాడు. చివరికి తైనాన్‌లోనే దహనం చేయించి, బూడిద జాడీ సన్యాసినుల మఠంలో పెట్టాం. దిక్కులేని ఆడవాళ్ళ జాడీలు అక్కడ బోలెడు, మీద పేర్లు కూడా చెరిగిపోయాయి. అక్కది కింది అరలో ఉంది. వంగితే గాని కనపడదు.

పైన దేవుడు వద్దన్నాడని రాశాను. అది అబద్ధం. కొట్టేసి మళ్ళీ రాద్దామనుకున్నాను, కాని కొట్టివేత ఉంటే మీ ఆఫీసర్లు ఏదో రహస్యమనుకుంటారు.

చెక్కలు ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే దేవుడు అవునన్నట్టు. నా కూతుర్ని ఇంటికి తీసుకుపోనా స్వామీ అని అడిగాను. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అవుననే పడ్డాయి. మూడుసార్లయ్యాక మళ్ళీ అడగకూడదని తెలిసీ నాలుగోసారి వేశాను. అప్పుడూ అవునన్నాడు. నీకెందుకు పట్టింది ఇంత పట్టుదల అని మనసులో దేవుణ్ణే తిట్టుకుని బయటికి వచ్చాను.

పేరుపలక కోసమని పైన రాశానే, అందులో సగమే నిజం. మనువైన పిల్ల పుట్టింట్లో ప్రాణం వదిలితే ఆ ఇంటి మగపిల్లాడి అదృష్టం వెంట తీసుకుపోతుందని మన పెద్దవాళ్ళు అనేది నువ్వూ విన్నావు. నేను తైనాన్ వెళ్ళడానికి నాలుగు రోజుల ముందే పక్కూరి అలియావ్ కొడుకు మీ దీవి నుంచి పెట్టెలో వచ్చాడు. గుండులో ఉన్నవి ప్రచారం కాగితాలేనట, పగిలిన పెంకు తగిలి పోయాడు. ఆ తల్లి ఏడుపు మూడు వీధులకు వినపడింది. బేసి తారీఖుల్లో అవతలి ఒడ్డు చైనావాళ్ళు గుండ్లు వేస్తారని నువ్వు రాసినప్పటినుంచీ బేసి తారీఖున నాకు ముద్ద దిగదు. అట్లాంటి రోజుల్లో ఆ మంచాన పడ్డ పిల్లను తెచ్చి మన ఇంట్లో పడుకోబెట్టనా? పెట్టలేదు. నీ కోసమే పెట్టలేదు. నా తప్పు నీ నెత్తిన రుద్దుతున్నానని నీకు కోపం రావచ్చు. రుద్దుతున్నాను. ఒక్కదాన్నే మోయలేక రుద్దుతున్నాను.

నువ్వు తిరిగొచ్చాక ఆ జాడీని ఇంటికి తెస్తానంటావు, నీ సంగతి నాకు తెలీదా. తేనివ్వను. పెళ్ళి కావలసినవాడివి. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా, మాటలు మానేసినా సరే, నువ్వు నా ఎదురుగా కూర్చుని తిడుతుంటే చాలు నాకు.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. దేవుడు వద్దన్నాడని చెప్తే అక్క నమ్మిందని నువ్వనుకోవచ్చు. నమ్మలేదు. నా మొహం చాలాసేపు చూసి, "తమ్ముడి కోసమే కదమ్మా, దేవుడి మీద ఎందుకు పెడతావు? నడక వచ్చేదాకా వాణ్ణి వీపున కట్టుకుని ఉప్పుమళ్ళలో తిరిగింది నేనే. నా వల్ల వాడికి చెడు జరగనిస్తానా?" అంది. నేను తల ఎత్తలేదు. మళ్ళీ తనే, "సరే వెళ్ళు, రెండు గంటల బస్సు పోతే మళ్ళీ అయిదింటి దాకా లేదు" అంది.

నేను వెళ్ళి రెండు గంటల బస్సు ఎక్కాను.

ఇట్లు,
ఇక నీ ఒక్కడికే మిగిలిన
అమ్మ