వెనక నుంచి పిలిచిన మనిషి

ముమ్మిడివరం,
4-7-98, శనివారం

కాకినాడ ఆసుపత్రి మగవాళ్ళ వార్డు నర్సమ్మ సలోమి గారికి, ఏడో నెంబరు మంచం హరిబాబు తల్లి లోవమ్మ నమస్కారం చేసి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలెట్టాలి గానీ, ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను మూడో తరగతి దాకానే చదివేను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అబ్బాయి గురువారం పొద్దున్న సైకిలుకి కొబ్బరికాయల బస్తా కట్టుకుని కాలవ గట్టు మీద వెళ్తూ పడ్డాడు. హేండిలు ఎడం డొక్కలో పొడుచుకుంది. లోపల ప్లీహం చిట్లిందని మీ డాక్టరు గారు అన్నారట. చిట్లింది గానీ కొయ్యం, చూస్తాం అన్నారట. చూస్తాం అంటే ఏమిటండీ? చిట్లినదాన్ని చూస్తూ కూర్చుంటే అతుక్కుంటుందా? కోడలు నాగదుర్గ వాడి దగ్గరే ఉంది. "బాగున్నారు" అని ఒక్క ముక్క రాసి పంపింది. దానికి మొదట్నించీ అదే అలవాటు. ఇల్లు కారుతున్నా బాగుందనే అంటుంది. అందుకని మీకు రాస్తున్నాను.

నా భయం ఊరికే పుట్టింది కాదు. మా అన్నయ్యకి ఎడ్లబండి నొగ కడుపులో తగిలింది. పైకి గీత కూడా పడలేదు. చూద్దాంలే అన్నారు అందరూ. మజ్జిగ తాగి, నవ్వుతూ కబుర్లు చెప్పి, దీపాలు పెట్టేవేళకి పోయేడు. కనిపించే దెబ్బంటే నాకు భయం లేదండి. కనపడనిదంటేనే.

ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసి పడ్డానని అబ్బాయి చెప్పేడట. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని పసిపిల్లలకీ తెలుసు. ఆ పిలిచిన నోరు పడిపోను.

నిద్రాహారాలు లేని,
లోవమ్మ

తా.క. ఈ ఉత్తరం తెచ్చిన దానియేలు రోజూ అరటాకుల కట్టలు పంటు మీద గోదారి దాటించి కాకినాడ హోటళ్ళకి వేస్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వండి. కారియర్లో నాటుకోడి పులుసు ఉంది. అబ్బాయికి బలం.


కాకినాడ,
5-7-98

లోవమ్మ గారికి నమస్కారాలు. మీ అబ్బాయి క్షేమం అని నేను ధైర్యంగానే మొదలుపెడుతున్నాను.

ప్లీహం అంటే ఎడమ పక్కటెముకల చాటున గుప్పెడంత ఉంటుంది. చలిజ్వరం ముదిరితే "బల్ల పెరిగింది" అంటారే, ఆ బల్ల అదే. అది చిట్లి కొంత రక్తం లోపలికి కారింది. ఇప్పుడు ఆగింది. నాడి నిలకడగా ఉంది, రక్తపోటు నిలకడగా ఉంది, స్కానింగులో కొత్తగా రక్తం చేరలేదు. ఇలా నిలకడగా ఉన్నవాళ్ళకి అది తనంతట తనే మానుతుంది. కోస్తే చాలాసార్లు మొత్తం తీసెయ్యాల్సి వస్తుంది. తీసేస్తే మనిషి బతుకుతాడు గానీ, జ్వరాలకీ చీముకీ జన్మంతా లోకువైపోతాడు. అందుకని డాక్టరు గారు ఉంచడానికి చూస్తున్నారు.

మాది రాజోలు దగ్గర లంక. వరదొచ్చి ఏటిగట్టుకి చెమ్మ ఊరితే మనవాళ్ళు గట్టు తవ్వేస్తారా? ఇసక బస్తాలు పేర్చుకుని, పుల్ల పాతి, గంటగంటకీ నీరు ఎంత ఎక్కిందో చూస్తారు. మేం చేసేదీ అదే. ఆపరేషన్ గది ఇరవై అడుగుల్లో ఉంది. ఆయనకి సరిపడే రక్తం రెండు సీసాలు సిద్ధంగా పెట్టాం. నాడి పరుగెత్తిందా, ఆ క్షణమే కోస్తారు. మీ అన్నయ్య గారికి అప్పుడు స్కానింగూ లేదు, పుల్ల పాతేవాళ్ళూ లేరు. ఆ చూడ్డం వేరు, ఈ చూడ్డం వేరు.

ఇట్లు,
సలోమి, స్టాఫ్ నర్సు

తా.క. మీ అబ్బాయికి ఇప్పుడు నోటితో ఏమీ పెట్టకూడదు. పులుసు పాడవుతుందని వార్డులో వాళ్ళం తినేశాం. ఉప్పు సరిపోయింది.


ముమ్మిడివరం,
6-7-98

సలోమి గారికి లోవమ్మ రాయునది.

మీరు గట్టు సంగతి రాసేరు. ఆ పెద్ద వరదలో మా పక్క ఊళ్ళో గట్టు తెగింది కాపలా ఉన్నచోటే. కాపలావాళ్ళు టీ తాగడానికి వెళ్ళేరు. మీరు టీకి ఎన్నింటికి వెళ్తారో రాయండి.

నిన్న దానియేలు మీ వార్డు గుమ్మంలోంచి చూసొచ్చేడు. మా అబ్బాయికి తిండి లేదట, సీసా నీళ్ళు ఎక్కుతున్నాయట. గంటకోసారి ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని గడియారం చూస్తున్నారట. ఇంకా ఎంతసేపుందనా? అంతకంటే పెద్ద మాట ఇంకోటి చెప్పేడు. టేపు పెట్టి వాడి ఒంటి కొలత తీసి కాయితం మీద రాసుకుంటున్నారట. "మా వాళ్ళల్లో అయితే పెట్టె చేయించడానికి కొలుస్తారు లోవమ్మగారూ, మీలో పెట్టె ఉండదు కదా, మరెందుకో తెలీదండి" అన్నాడు. నిజం రాయండమ్మా.

వాడు దిక్కులేనివాడని మీరనుకోకూడదని ఊళ్ళోవాళ్ళని పలకరింపుకి పంపిస్తున్నాను. నేనే రావాలి గానీ, నాకు పంటంటే భయం. ఈ వయసొచ్చేదాకా ఆ గోదారి దాటలేదు.

ఇంకో సంగతి. వాడు పడ్డప్పుడు గట్టు కింద రేవులో బట్టలుతుకుతున్నది పక్కింటి జయమ్మ. ఆవిడే పిలిచి ఉంటుందని ఊరంతా అనుకుంటున్నారు. నేనూ ఆవిడతో మాటలు మానేసేను.

దిగులుతో,
లోవమ్మ

తా.క. పెట్టెకి కాకపోతే చొక్కాకి కొలిచేరా? చొక్కాకైతే వదులుగా కుట్టమనండి. వాడికి బిగుతు పడదు.


కాకినాడ,
7-7-98

లోవమ్మ గారికి,

పెట్టెకీ కాదు, చొక్కాకీ కాదు. కడుపు చుట్టుకొలత తీస్తాం. లోపల రక్తం చేరితే కడుపు ఉబ్బుతుంది కదా, అది ముందే తెలియడానికి. నాలుగు రోజులుగా ఒకే కొలత. చెయ్యి పట్టుకుని గడియారం చూసేది నాడి లెక్కపెట్టడానికి. టీ మేము వంతులవారీగా తాగుతాం. ఈ పూట నుంచి మీ అబ్బాయికి పల్చటి జావ ఇస్తున్నాం.

ఇక పలకరింపుల సంగతి. నిన్న మీ ఊరివాళ్ళు పదకొండు మంది వచ్చేరు. పదకొండు రొట్టెలు, నాలుగు డజన్ల అరటిపళ్ళు. అందరూ మీ అబ్బాయిని లేచి కూర్చోమన్నారు. కుట్లు చూపించమన్నారు. కుట్లు లేవంటే ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. "ఇంతదూరం వచ్చేం, దెబ్బెక్కడో చూపించవయ్యా" అని ఒక పెద్దాయన డొక్కలో నొక్కబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఎవరో నాకు తెలీదు, కోపం వచ్చి ఉంటే క్షమించమనండి. మీ అబ్బాయి కదలకూడదండీ. ఇప్పుడు ఆయనకి ప్రమాదం ప్లీహం కంటే చుట్టాల వల్లే ఎక్కువని డాక్టరు గారు అన్నారు. దయచేసి ఇంకెవర్నీ పంపకండి.

ఇట్లు,
సలోమి

తా.క. వచ్చినవాళ్ళలో జయమ్మ గారు కూడా ఉన్నారు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, కళ్ళొత్తుకుని వెళ్ళిపోయేరు.


ముమ్మిడివరం,
8-7-98

సలోమి గారికి లోవమ్మ ఆఖరి మాటగా రాయునది.

మా ఊరి ఆరెంపీ ప్రభాకరరావు గారిని అడిగేను. ఆయన ముప్ఫయ్యేళ్ళ నుంచి సూదులు వేస్తున్నాడు. "ప్లీహం చిట్లిందంటే మా రోజుల్లో మారుమాట లేకుండా కోసి తీసేసేవారు. కొయ్యలేదంటే చెయ్యి దాటిపోయిందనే" అన్నాడు. దాటిపోయినవాళ్ళనే కదండీ ఇంటికి తీసుకుపొమ్మంటారు. మీరు మంచివారు కనక ఆ మాట అనలేక చూస్తాం అంటున్నారు. నాకు అర్థమైంది.

రాజమండ్రిలో కోసే డాక్టరు ఉన్నాడట. శుక్రవారానికి అద్దె వేను కుదిర్చేను. వేను రావులపాలెం మీదుగా తిరిగొస్తుంది, నేను పంటు దాటి దగ్గరి దారిలో ముందుగా వస్తాను. వాణ్ణి తీసుకుపోతాను. మా అన్నయ్యప్పుడు నేను పక్కనే ఉండి కూడా చూద్దాంలే అన్నవాళ్ళలో ఒకత్తిని. ఇంకోసారి అననమ్మా.

ఇట్లు,
లోవమ్మ

తా.క. పంటు మునిగితే బీరువా తాళం బియ్యం డబ్బాలో ఉందని కోడలికి చెప్పండి. ఏ డబ్బా అని అడుగుతుంది. నూకల డబ్బా కాదు, పక్కది.


కాకినాడ,
9-7-98

లోవమ్మ గారికి, దానియేలుని నిలబెట్టి రాస్తున్నాను.

వేను వద్దు. గతుకుల రోడ్డు మీద అంతదూరం కుదుపులు తగిలితే మానుతున్న చీలిక మళ్ళీ విడిపోవచ్చు. మీరు దేనికి భయపడుతున్నారో అదే మీ చేతుల మీద జరుగుతుంది. ప్రభాకరరావు గారు చెప్పింది అబద్ధం కాదు, ఆ రోజుల్లో అంతే చేసేవారు. అప్పుడు లోపల చూసే దారి లేదు.

మీరు మటుకు రండి. వచ్చి మంచం పక్కన కూర్చోండి. నాడి ఎలా చూడాలో నేను నేర్పుతాను, మీరే లెక్కపెట్టండి. చూశాక కూడా తీసుకుపోతానంటే అప్పుడు డాక్టరు గారితో మాట్లాడుదురు గాని.

ఇట్లు,
సలోమి

తా.క. పంటు మీద మధ్యలో నిలబడండి. నీళ్ళకేసి చూడకండి. నాకూ భయమే. నేనూ అలాగే దాటుతాను.


ముమ్మిడివరం,
13-7-98

అమ్మా సలోమీ, ఇల్లు చేరేను అని ముందుగా రాస్తున్నాను. నువ్వు కంగారు పడతావని.

నీ ఎదురుగా చెప్పలేనివి ఉత్తరంలో అయితే రాయగలను. పంటు మీద మధ్యలోనే నిలబడ్డాను. రెండు కళ్ళూ మూసుకున్నాను. ఒక గేదె తాడు పట్టుకున్నానని ఒడ్డుకి చేరేక తెలిసింది. గేదె గలాయన నా వేళ్ళు విడదీసి తాడు తీసుకున్నాడు.

వాడి మణికట్టు మీద నా వేళ్ళు పెట్టించేవు చూడు, అప్పుడు నాకు మొదటిసారి నమ్మకం కలిగింది. గోడ గడియారంలా కొట్టుకుంటోంది. నా చెయ్యి నువ్వు పట్టుకున్నావు, నా నాడి పరుగెడుతోంది. ఏడో నెంబరు మంచం బాగానే ఉంది, వాళ్ళమ్మని పడుకోబెట్టండి అన్నారు డాక్టరు గారు. ఊరంతా తిరిగి చెప్పుకున్నాను, ఆసుపత్రిలో నాకే మంచం వేసేరని.

కానీ ఆ మధ్యాన్నం వాడి నాడి నూట పదికి ఎక్కినప్పుడు మీ అందరి ముఖాలూ నేను చూసేనమ్మా. ఆపరేషన్ గదిలో దీపాలు వేసేరు. నన్ను సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉండమన్నారు. కొయ్యండి కొయ్యండి అని వారం రోజులు రాసినదాన్ని, కలం పట్టుకుంటే వేళ్ళు ముడుచుకోలేదు. మళ్ళీ స్కానింగు తీసి, కడుపు కొలిచి, ఏమీ మారలేదని తేల్చేక డాక్టరు గారు వాణ్ణే అడిగేరు, ఏమయ్యా ఏమైంది అని. "ఎదుటి మంచం మీద మా అమ్మని పడుకోబెట్టేరండి, ఏమైపోయిందో అనుకున్నాను" అన్నాడు. నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టేక పావుగంటకి దిగింది. అప్పుడే వేనుని వెనక్కి పంపించమన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వెనక నుంచి పిలిచింది జయమ్మ కాదు. నేనే. గట్టుకి ఎదురుగా ఉన్న మా వాకిట్లోంచి పిలిచేను. వాడు తిరిగేడు, పడ్డాడు. ఎవరో పిలిచేరని వాడు అన్నాడని తెలిసేక, నా గొంతు పోల్చుకోలేదు కాబోలని నోరు మూసుకున్నాను. జయమ్మ మీద పడుతుంటే కూడా మూసుకునే ఉన్నాను. అందుకేనమ్మా అంత భయపడ్డాను. వాడికేమన్నా అయితే చేసింది ప్లీహం కాదు, నేను.

ఇట్లు,
నీ పెద్దమ్మ లాంటి లోవమ్మ

తా.క. ఈ ఉత్తరం చింపెయ్యి. చింపేముందు ఒకసారి చదివి, నేను పాపిష్టిదాన్ని అవునో కాదో రాయి.


కాకినాడ,
14-7-98

పెద్దమ్మ గారికి,

చింపేశాను. మీరు అడిగినదానికి జవాబు మీ అబ్బాయి కేసు కాయితంలో ఉంది. చేర్చిన రోజు దెబ్బ ఎలా తగిలిందని అడిగి రాస్తాం. "అమ్మ పిలిచింది, తిరిగి చూశాను, పడ్డాను" అని ఆయన చెప్పిన మాటలు నా చేతి రాతతోనే ఉన్నాయి. రాసేక నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మకి తెలిస్తే బెంగతో పోతుందండి. ఎవరో పిలిచేరని చెప్పండి" అన్నారు. నాగదుర్గ గారికి కూడా తెలుసు. అందుకే ఆవిడ ఒక్క ముక్కకి మించి రాయలేదు. ఆవిడకి అబద్ధం పొడుగ్గా రాయడం రాదట.

రేపు పంపేస్తున్నాం. నిన్నటి స్కానింగులో చూస్తే చీలిక మానుతోంది. మూడు నెలలు సైకిలు లేదు, బస్తాలు లేవు, చెట్టెక్కడం లేదు. కళ్ళు తిరిగినా, ఎడం భుజం లాగినా, కడుపు నొప్పి వచ్చినా ఆలోచించకుండా వెనక్కి తీసుకురండి. కారు నెమ్మదిగా నడపమని చెప్పాం.

ఇట్లు,
సలోమి

తా.క. ఆయనకి ఒక్క సందేహం మిగిలిపోయిందట. వినేలోపే పడిపోయారు కనక, మీరు ఎందుకు పిలిచారో తెలీలేదట. ఇంటికొచ్చి అడుగుతానన్నారు.


ముమ్మిడివరం,
16-7-98

అమ్మా సలోమీ, ఈసారి మొదట్లోనే రాస్తున్నాను, అందరం క్షేమం.

అబ్బాయి నిన్న చేరేడు. పొద్దున్నే జయమ్మ ఇంటికెళ్ళి ఉన్నదంతా చెప్పేసేను. "నాకు ఆ రోజే తెలుసు లోవమ్మగారూ, నేను కిందే ఉన్నాను కదండీ, మీ గొంతు నాకు తెలీదా" అంది. మరి ఎందుకు చెప్పలేదే అంటే, "మీకేమో బెంగెక్కువ" అంది. ఊళ్ళో నాకు తప్ప అందరికీ నా బెంగ సంగతి తెలుసన్నమాట.

వాడు రాత్రి అన్నం తింటూ అడగనే అడిగేడు, ఎందుకు పిలిచేవమ్మా అని. పీచు తాడు మర్చిపోయేవురా అని చెప్పేను. నువ్వు అడిగితే మటుకు అబద్ధం చెప్పలేను. ఆ గట్టు మీద తడిగా ఉంది కదా అని పిలిచేను. "నెమ్మదిగా వెళ్ళరా, పడతావు" అందామని.

ఇట్లు,
లోవమ్మ

తా.క. నిన్న వాడు కారు దిగి గుమ్మం ఎక్కుతుంటే జాగ్రత్త అన్న మాట నోటిదాకా వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎక్కేసేడు. మూడు నెలలకి సరిపడా పాత చీరలు తీసి పెట్టుకున్నాను.