బస్సుకి ఎదురు

ఫిబ్రవరి 24, 1984, శుక్రవారం

ఇవాళ హాకీ టీమ్ బస్సుకి ఎదురెళ్ళాను. కావాలని కాదు. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ నుంచి లంచ్‌కి ఇంటికొస్తున్నాను, చేతిలో పాల గ్యాలన్ డబ్బా. ఐస్ హాకీ ఆడే రింక్ పార్కింగ్ లాట్ మా ఇంటి ఎదురుగానే. బస్సు బయటికి తిరగడం, నేను సరిగ్గా దాని ముక్కు ముందు రోడ్డు దాటడం ఒకేసారి జరిగాయి. డ్రైవర్ నవ్వి చెయ్యూపాడు. నేను తల దించుకుని గబగబా గుమ్మమెక్కేశాను. బస్సులో విద్య ఉంది.

విద్య మా చెల్లెలి కూతురు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగింది. ఇక్కడ మా కాలేజీలో థర్డ్ ఇయర్, నా దగ్గరే ఉంటుంది. ఐస్ హాకీ టీమ్‌కి స్టాటిస్టిక్స్ రాస్తుంది, ఎవరు ఎన్ని షాట్లు కొట్టారు, గోల్ కాసే గోలీ ఎన్ని ఆపాడు అని.

ఆయన పోయి రెండేళ్ళు. అప్పటినుంచీ మనవాళ్ళెవరు బయల్దేరుతున్నా నేను వంటింట్లోనే ఉండిపోతాను. ఎవరూ చెప్పక్కర్లేదు. కిందటేడు చెల్లెలివాళ్ళ గృహప్రవేశంలో అక్కడికొచ్చిన పెద్దావిడ గౌరి గారు చెప్పారు కూడా. చాలా మర్యాదగా చెప్పారు.

ఫిబ్రవరి 25

గెలిచారు! వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడినవాళ్ళు. లీగ్ నాకౌట్ ఆటల్లో, అంటే కాన్ఫరెన్స్ ప్లేఆఫ్స్‌లో, ఆఖరి చోటు మనదేనని రేడియోలో కామెంటేటర్ అరుస్తున్నాడు. హాకీ పిచ్చి ఆయనది, నాది కాదు. అయినా రేడియో కట్టెయ్యలేదు.

ఫిబ్రవరి 27

విద్య కొంప ముంచింది. మా దేశంలో ఎక్కడికైనా బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొస్తారన్నదే ముఖ్యం, మీకు మొన్న మా పెద్దమ్మ ఎదురొచ్చింది, అందుకే గెలిచారు అని టీమ్ అందరికీ చెప్పిందట. హాకీవాళ్ళ పట్టింపుల ముందు మా నాయనమ్మ పంచాంగం దిగదుడుపే. ప్లేఆఫ్స్ అయ్యేదాకా గడ్డం గీయరు. కెప్టెన్ ఎడమ స్కేటే ముందు తొడుక్కోవాలి. గోలీ ప్రతి పీరియడ్‌కీ ముందు గోల్ పోస్టులతో మాట్లాడతాడు. అలాంటివాళ్ళకి ఈ ముక్క చెప్పడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే.

మార్చి 1, గురువారం

బస్సు సరాసరి మా ఇంటి ముందే ఆగింది. ఫస్ట్ రౌండ్ అవతలి కాలేజీ రింక్‌లో. రెండు రోజులు రెండు మ్యాచ్‌లు, రెండిట్లో గోల్సూ కలిపి చూస్తారట. నేను రోడ్డు దాటితే గాని కదలమన్నారు. పాల గ్యాలన్ కూడా ఉండాలన్నారు, ఖాళీదైనా ఫరవాలేదట! ఇరవై మంది గడ్డాలవాళ్ళు అద్దాలకి ముఖాలానించి చూస్తుంటే ఏం చేయను, దాటాను. చప్పట్లు కొట్టారు. నా బతుకులో నేను ఎదురొచ్చినందుకు చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. సంతోషమేసింది, ఆ వెంటనే భయమేసింది.

ఇంకోటి. ఆఖరి కిటికీ అద్దమంతా మంచు పట్టి ఉంది. లోపల్నుంచి ఎవరో చేతివెనకతో గుండ్రంగా తుడిచారు. ముఖం కనిపించలేదు. ఆయన కారద్దం అలాగే తుడిచేవారు, అరచేయి జివ్వుమంటుందని.

మార్చి 3

నిన్న 4-2తో ఓడారు. ఇవాళ 5-1తో గెలిచారు. రెండూ కలిపితే 7-5, మనదే. వచ్చే వారం డెట్రాయిట్‌లో సెమీస్, ఫైనల్.

మార్చి 4, ఆదివారం

విద్య తిండి కూడా తినకుండా కబుర్లు చెప్పింది. మధ్యలో అడిగాను, బస్సులో ఆఖరి సీట్లో ఎవరు కూర్చుంటారని. ఎవరూ కూర్చోరట. అక్కడ హీటర్ పనిచేయదట, స్టిక్ బ్యాగులు పడేస్తారట.

లేచి వెళ్ళిపోతూ, ఏదో మామూలు సంగతిలా, వచ్చేటప్పుడు లేక్ రోడ్డు మలుపులో బస్సు స్కిడ్ అయిందని చెప్పింది. అడ్డంగా తిరిగి గార్డ్ రైల్‌కి జానెడు దూరంలో ఆగిందట. అందరూ నవ్వుకున్నారట. మీ పెద్దమ్మ లక్ అన్నాడట కోచ్.

మార్చి 5

ఆ మలుపే.

మార్చి 5, సాయంత్రం

రాసేస్తే పోతుందేమో. ఆ రోజు ఆయన పక్క ఊళ్ళో మ్యాచ్‌కి బయల్దేరారు. కారు స్టార్ట్ చేశాక నేను గుమ్మంలోంచి ఎక్కడికి అని కేకేశాను. ఎక్కడికో తెలుసు. ఊరికే నోటికొచ్చింది. అలా అడిగాక మనిషి లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తాను. పెళ్ళిలో ఇచ్చిన గ్లాసు, మీద భీమశంకర్ అని ఆయన పేరు చెక్కి ఉంటుంది. ఫిజిక్స్ చెప్పే మనిషి కదా, నవ్వారు. ఆటలో ఫస్ట్ పీరియడ్ మిస్సవుతాను, వచ్చి తాగుతాలే అన్నారు.

ఆ గ్లాసు పైఅరలో బోర్లించి ఉంది. రెండేళ్ళుగా దించలేదు.

మార్చి 6

విద్యకి చెప్పేశాను, గురువారం నేను బయటికి రానని. విధవ ఎదురొస్తే ఏమంటారో నీకు తెలీదు, సగం తెలుసుకుని ఊరంతా చాటావు అన్నాను. దాని తెలుగు కోపంలో ఇంకా ముక్కలవుతుంది. మిగతా సగం కూడా తెలుసట. గృహప్రవేశం రోజు వంటింట్లో నన్ను చూసిందట. ఆ సగం తనకి నచ్చలేదు గనక వదిలేసిందట. అని ధడాల్న తలుపేసుకుంది.

తలుపు బయట చాలాసేపు నిలబడ్డాను. పిచ్చిపిల్ల. నాకు లక్ అక్కర్లేదు, అది క్షేమంగా తిరిగొస్తే చాలు.

మార్చి 7

కెప్టెన్ లైబ్రరీకొచ్చి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రేపు పదింటికి బస్సట. నిద్ర పట్టడం లేదట. నేను పుస్తకాలు సర్దుకుంటూ ఉండిపోయాను. రేపు ఫ్రీజింగ్ రెయిన్, పడగానే గడ్డకట్టే వాన, అని రేడియోలో చెప్పారు.

మార్చి 8, గురువారం, ఉదయం 10:00

బస్సు వచ్చి ఆగింది. కర్టెన్లు వేసేశాను. ఇవాళ సెలవు పెట్టాను.

10:05

హారన్. మూడుసార్లు.

11:15

ఇప్పుడే వెళ్ళారు. హారన్ ఆగాక కోచ్ వచ్చి తలుపు కొట్టాడు. అరవై దాటిన మనిషి, జుట్టు నిండా ఐసు. ఇంక దాచలేదు. మాలాంటి విధవలు ఎదురొస్తే మంచిది కాదని, మొన్న బస్సు జారింది నా వల్లేనని, ఆ మలుపులోనే మా ఆయన పోయారని, నీళ్ళ సంగతీ, అంతా వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఏడుస్తూ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. సరే, దీనికి విరుగుడేమిటి అని అడిగాడు. ఎప్పుడూ టీమ్ నర్స్‌ని అడిగేటట్టు అడిగాడు.

లోపలికి రావాలి, కూర్చోవాలి, నీళ్ళు తాగాలి అన్నాను.

అందరినీ దింపాడు. బూట్లు విప్పమని విద్య గుమ్మంలో అరిచింది. అంతంత మనుషులు సాక్సులతో నా కార్పెట్ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. కిందటి ఉగాదికి తెచ్చిన పేపర్ కప్పులు మిగిలి ఉంటే తీశాను. డ్రైవర్‌తో, విద్యతో కలిపి ఇరవై ఆరుగురు. నేనే లెక్కపెట్టి పోశాను, ఇరవై ఆరు కప్పులు. గుటకల చప్పుడు ఒక్కటే. విద్య అందరికన్నా ఆఖర్న తాగి నా వైపు చూసింది.

పావుగంట పైనే కూర్చోబెట్టాను. వెళ్ళేటప్పుడు వంటింట్లో నిలబడ్డాను, రోడ్డు వైపు వీపు పెట్టి.

సాయంత్రం 4:00

విద్య గ్యాస్ స్టేషన్ నుంచి ఫోన్ చేసింది. మలుపులో దుంగల ట్రక్కు తిరగబడి ఉందట, రెండు లేన్లకీ అడ్డంగా దుంగలట. ట్రక్కు అతను రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడట, దెబ్బల్లేవు. పడి పావుగంటయిందన్నాడట. వేరే రోడ్డు తిరిగి వెళ్ళేసరికి ఇంతసేపయిందట.

పెద్దమ్మా, పావుగంట, అని రెండుసార్లు అంది.

4:30

కప్పులు ఏరి చెత్తబుట్టలో వేశాను. ఇరవై ఆరు.

సింక్‌లో స్టీలు గ్లాసు ఉంది. నిటారుగా ఉంది. అడుగున గుక్కెడు నీళ్ళు. అంచు ఇంకా తడిగా ఉంది.

పైఅర నాకైతే స్టూలెక్కితే గాని అందదు. ఆ పొడుగువాళ్ళలో ఎవరైనా తీసి ఉండాలి. తీసే ఉంటారు.

మార్చి 9

సెమీస్ పోయింది. ఓవర్‌టైమ్‌లో 3-2. కెప్టెన్ బాత్రూమ్‌లోకి వెళ్ళి గడ్డం గీసేసుకున్నాడట. పాపం అనిపించింది, హాయిగానూ అనిపించింది. ఏం మనిషినో నేను.

ఫోన్‌లో గ్లాసు సంగతి అడగమన్నాను. విద్య అందరినీ అడిగిందట. అందరూ పేపర్ కప్పులోనే తాగారట.

మార్చి 10

మూడో స్థానం మ్యాచ్ కూడా ఓడారు. రేపు మధ్యాహ్నానికి వస్తారు. గ్లాసు ముట్టుకోలేదు.

మార్చి 11, ఆదివారం

బస్సు వచ్చింది. గుమ్మం దిగి ఎదురెళ్ళాను. ఇరవై ఆరుగురూ దిగారు.

ఆఖరి అద్దం మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఎవరూ తుడవలేదు.

లోపలికొచ్చి గ్లాసు కడిగి బోర్లించాను.